మణికట్టు కీలులో విరిగితే ప్లేటు వేయించాలా?

ప్రశ్న: మా అమ్మగారికి 56 ఏళ్లు. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తారు. ఐదు రోజుల కిందట తడి బండల మీద జారి, కుడిచెయ్యి ఆనించి పడటంతో మణికట్టు విరిగింది. మొదట పిండికట్టు వేశారు. తర్వాత సీటీ స్కాన్ చూసిన డాక్టరుగారు ఎముక కీలు లోపల మూడు ముక్కలైందని, ప్లేటు వేయాలని అంటున్నారు. కోత వద్దు, పుత్తూరు కట్టు చాలని బంధువులు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కట్టుతోనే చక్కగా అతికే మణికట్లు చాలా ఉన్నాయి కనుక, మీ బంధువుల మాటను నేను కొట్టిపారేయను. ఎక్స్‌రేలు పుట్టడానికి ఎనభై ఏళ్ల ముందే, 1814లో డబ్లిన్ వైద్యుడు అబ్రహాం కోలిస్ వర్ణించిన విరుపు కీలుకు కొంచెం ఎగువన ఉండేది. అటువంటి దాన్ని లాగి సరిచేసి, కట్టు వేసి నయం చేయడం నేటికీ సరైన వైద్యమే. మీ అమ్మగారి విషయంలో మాత్రం ముంజేతిలో బొటనవేలి వైపుండే రేడియస్ ఎముక చివర, మణికట్టు చిన్న ఎముకలు ఆని కదిలే నున్నటి తలమే పగిలింది. చేతిని లాగినప్పుడు, ఎముకను ఎముకతో కలిపి ఉంచే లిగమెంటు అంటుకుని ఉన్న ముక్కలు దానితోపాటు చోటికి వస్తాయి గాని, లోపలికి కుంగిన ముక్కను పట్టి లేపేది ఏదీ ఉండదు. ఆ పని ఏ కట్టూ, ఎవరు కట్టినా, చేయలేదు. తలంలో రెండు మిల్లీమీటర్లకు మించిన మెట్టు మిగిలితే కీలు అరిగే ప్రమాదం పెరుగుతుంది. 65 దాటి, చేతితో బరువు పనులు చేయనివారిలో కట్టుకూ ప్లేటుకూ ఏడాది తర్వాత పెద్ద తేడా కనిపించకపోవచ్చు; రోజంతా ఆ చేతి మీదే బతుకు నడిచే 56 ఏళ్ల మనిషికి ఆ లెక్క వర్తించదు. అందుకే మీ డాక్టరుగారి సలహా నాకు సబబుగా తోస్తోంది.

అరచేతి వైపు నుంచి కోసి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంలో అప్పటికప్పుడు చూస్తూ ముక్కలను లేపి, కీలు తలానికి సరిగ్గా అడుగున స్క్రూలు వేస్తారు. ఈ స్క్రూల తలలు ప్లేటులోనే బిగుసుకుంటాయి కాబట్టి, ఎముక గుల్లబారినా పట్టు నిలుస్తుంది. రెండు వారాలు దాటితే ముక్కలు అడ్డదిడ్డంగా అతుక్కోవడం మొదలై పని కష్టమవుతుంది కనుక చర్చలతో రోజులు గడపకండి. ఖర్చు గురించి ఆసుపత్రిలోని ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో ముందే అడగండి. ఈలోగా బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరి పెరుగుతుంటే నరం నలుగుతోందని అర్థం. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆపరేషన్ తర్వాతి సంగతే నేను మరీ మరీ చెప్పేది. చెయ్యి కదిపితే ప్లేటు ఊడుతుందని భయపడి, ఎముక అతికినా వేళ్లు బిగుసుకుపోయినవారిని చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచి, మొదటి రోజు నుంచే గంటగంటకూ వేళ్లను పూర్తిగా చాపించి, పిడికిలి బిగింపించండి. మణికట్టును ఎప్పుడు వంచాలో సర్జన్ చెబుతారు. ఎముక అతకడానికి సుమారు 6 నుంచి 8 వారాలు, పిడికిలి బలం తిరిగి రావడానికి నెలలు పడతాయి. నిలుచున్న ఎత్తు నుంచి పడినంత మాత్రాన ఇలా విరిగింది కాబట్టి, గాయం మానాక ఎముకల గట్టిదనం తెలిపే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష తప్పక చేయించండి. రేపు తుంటి విరగకుండా చూసుకోవడానికి ఇది అవసరం.

ప్రశ్న: ఏడాది కిందట మణికట్టుకు ప్లేటు వేశారు. తీయించాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇబ్బంది లేకపోతే అక్కర్లేదు. ప్లేటు అంచు టెండన్‌కు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగానికి) రాసుకుంటే ఆ టెండన్ క్రమంగా అరిగి తెగవచ్చు. బొటనవేలు వంచేటప్పుడు మణికట్టులో నొప్పి, కరకరమన్న శబ్దం ఉంటే ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించండి.