ఫారిన్ డబ్బు సంగతి తరవాత, ముందు ఫినాయిల్ లెక్క చూడండి

"క్రైస్తవ సేవా సంస్థలు నగరాల్లో పేదల మధ్య అంతలా ఎలా ఎదిగాయి? అంతా ఫారిన్ డబ్బేనా?" అని అడిగారు. వాళ్లకి సరుకులు అమ్మినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను.

విశాఖ రైల్వే స్టేషన్‌కి జ్ఞానాపురం వైపు మాది చిన్న కిరాణా షాపు. దిక్కులేని ముసలివాళ్లని చూసుకునే సిస్టర్ల ఆశ్రమం ఒకటి మా ఖాతాదారు. మా నాన్న రోజుల్లో వాళ్ల నెల పద్దు అర పేజీ దాటేది కాదు. ఇప్పుడు పేజీలు తిప్పాలి. బియ్యం, పప్పు సరే, నేను చూసేది ఫినాయిల్, బట్టల సబ్బు. మంచం దిగలేనివాళ్లు ఎంతమంది పెరిగారో ఆ రెండు లైన్లే చెప్పేస్తాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా. మా షాపు షట్టర్ వంగిపోయింది, బియ్యం బస్తాలు తడిసిపోయాయి. కరెంటు లేదు, నీళ్లు లేవు, పాల ప్యాకెట్ ఎవడికి నచ్చిన రేటు వాడిది. రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు దాటుకుంటూ పెద్ద సిస్టర్ గారు వచ్చారు. మళ్లీ అప్పు అడుగుతారేమో అనుకున్నాను. ఆవిడ కవర్లోంచి పాత బాకీ తీసి, "ఇప్పుడు నీకు డబ్బు కావాలి కదా బాబూ" అని చేతిలో పెట్టారు. నేను ఇంకా తేరుకోకముందే, "ఆ తడిసిన బియ్యం సగం రేటుకి ఇస్తావా? డాబా మీద ఆరబెట్టుకుంటాం" అని బేరం మొదలెట్టారు. ఇచ్చాను. పది రూపాయలు ఇంకా తగ్గించమన్నారు కూడా! డాలర్లలో మునిగితేలేవాళ్లు ఇలా బేరమాడరండీ.

ఫారిన్ డబ్బు అసలు రాదని కాదు. కానీ విదేశీ విరాళాల చట్టానికి (FCRA) 2020లో చేసిన సవరణ తరవాత ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, ఇంకో సంస్థకి పంచకూడదు, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. మదర్ థెరిసా సంగతే చూడండి. 1950లో ఆవిడ తన సంస్థ మిషనరీస్ ఆఫ్ చారిటీ మొదలుపెట్టినప్పుడు పట్టుమని పదిహేను మంది సిస్టర్లు కూడా లేరు. 1952లో చావుకి దగ్గరైనవాళ్ల కోసం నిర్మల్ హృదయ్ తెరిస్తే, చోటిచ్చింది కలకత్తా కార్పొరేషన్. అదీ కాళీఘాట్ గుడిని ఆనుకున్న యాత్రికుల సత్రం! నోబెల్ వచ్చింది 1979లో, 1965 నాటికే వాళ్లు వెనిజులాలో అడుగుపెట్టారు. అంటే ముందు పని పెరిగింది, పేరూ డబ్బూ వెనకాల వచ్చాయి. అక్కడ వైద్యం సరిగా లేదన్న విమర్శలున్నాయి, కాదనను. ఆ విమర్శించేవాళ్లలో ఒక్కరైనా పుండు కడిగారా అన్నదే నా ప్రశ్న.

మతం మారుస్తారా అని కూడా అడుగుతారు. నేను బొట్టు పెట్టుకునే కూర్చుంటాను షాపులో, ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు.

నాకు అసలు ఒళ్లు మండేది మనవాళ్ల దానాలు చూస్తే. పుట్టినరోజుకి కేకు, బిర్యానీ ప్యాకెట్లు, పక్కన నిలబడి ఫొటో. షుగరున్న ముసలాయనకి కేకెందుకండీ? పాత బట్టలంటూ గుండీలు లేని చొక్కాలు తెచ్చి పడేస్తారు. క్రిస్మస్ వారం మెట్ల నిండా అవే, ఫిబ్రవరిలో పిట్ట కూడా వాలదు. నిజంగా ఇవ్వాలనుంటే ముందు ఫోన్ చేసి ఏం అయిపోయిందో అడగండి. పెద్దవాళ్ల డైపర్లు అంటారు, చూడండి కావాలంటే.