వరద వచ్చిపోయిన వీధిలో చిన్న దుకాణాలకు ఏ సాయం చేయాలి?

మీ కాలనీ సంఘం కొంత చందా పోగు చేసిందనీ, నీళ్లు నిలిచిన వీధిలోని ఐదు చిన్న దుకాణాలకు దాన్ని సమానంగా పంచాలా, మరోలా ఖర్చు పెట్టాలా అనీ మీరు అడిగారు. నేను హైదరాబాద్ మూసారాంబాగ్‌లో పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు అచ్చువేసే చిన్న ప్రెస్సు నడుపుతున్నాను. 2020లో లాక్‌డౌన్‌నూ, ఆరు నెలలు తిరిగేసరికి వరదనూ ఆ దుకాణంలోనే చూశాను. నా అభిప్రాయంలో చందా పంచడం రెండో పని. లెక్కలు, కాగితాలు తెలిసిన ఇద్దరు మనుషులను రెండు వారాల పాటు ఆ దుకాణదారుల పక్కన కూర్చోబెట్టడం మొదటి పని.

ఇలా ఎందుకు అంటున్నానో నా సంగతి చెబితే తెలుస్తుంది. ఆ ఏడాది అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు మూసీ పొంగి, మా వీధిలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. తడిసిన కాగితం రీములు ఉబ్బిపోయి అరల చెక్కలను విరగదోశాయి. నీళ్లు తీసిన మరునాడే, కంపు భరించలేక, ఆ కాగితమంతా ఆటో ట్రాలీలో చెత్తకుప్పకు తరలించాను. నష్టం అంచనా వేసే బీమా సర్వేయరు వచ్చి పాడైన సరుకు ఎక్కడని అడిగినప్పుడు గోడ మీది బురద గీత తప్ప చూపించడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు. అసలు నాకు బీమా ఉందన్న సంగతే మూడు రోజుల తరువాత గుర్తుకొచ్చింది. సరుకు మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా (క్యాష్ క్రెడిట్) కోసం చేయించిన ఆ పాలసీ పేరులో అగ్నిప్రమాదం అని ఉండటం వల్ల అది వరదకు వర్తించదని అనుకున్నాను. మామూలు ఫైర్ పాలసీలో తుపాను, వరద, ముంపు కూడా సాధారణంగా కలిసే ఉంటాయని చెప్పేవారు ఆ మూడు రోజులలో ఒక్కరున్నా నా నష్టం కొంత తగ్గేది.

అందువల్ల మీవాళ్లు ముందుగా ప్రతి దుకాణంలోనూ బ్యాంకు అప్పు ఉందా, ఉంటే దానికి బీమా ఉందా అని అడగాలి. ఉంటే ఆ రోజే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయించి, సర్వేయరు చూసేవరకు పాడైన సరుకును పారేయకుండా ఒక మూలన వేరుగా పెట్టించి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీది గుర్తుతో సహా ఫొటోలు, వీడియోలు తీయించాలి. దుర్వాసన వల్ల వెంటనే తీసేయక తప్పని సరుకైతే, తీసేయడానికి ముందే కంపెనీవారికి ఆ మాట రాసి, ఫొటోలు తీసి, నమూనా ఉంచుకోవాలి. ఆనాటి వర్షపాతం వివరాలు కంపెనీవారు అడిగితే బేగంపేటలోని వాతావరణ కేంద్రం నుంచి తెచ్చుకోవచ్చు.

బిల్లులన్నీ తడిసిపోయాయని చాలామంది అక్కడే ఆశ వదులుకుంటారు. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారికి ఆ బెంగ అక్కరలేదు. అతనికి సరుకు అమ్మినవారు దాఖలు చేసిన వివరాలు జీఎస్టీ పోర్టల్‌లోని 2ఏ, 2బీ పత్రాలలో బిల్లు నంబరుతో సహా కనిపిస్తాయి. నా కొనుగోళ్లను నేను నిరూపించుకున్నది వాటితోనే. అక్కడే మరో సంగతి ఉంది. పాడైన సరుకు మీద అంతకుముందు తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకు పొందిన తగ్గింపును, కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టంలోని సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి కట్టాలి. అంటే నష్టం సరుకు ధరతోనే ఆగదు, పన్ను కూడా చేరుతుంది. క్లెయిములో ఆ మొత్తాన్ని కూడా అడగాలని నాకు తరువాత ఎప్పుడో తెలిసింది.

బీమా విలువ విషయంలో నేను తిన్న దెబ్బ ఇంకొకటి. దుకాణంలో ఆరు లక్షల సరుకు ఉండగా, బ్యాంకు తన అప్పు పరిమితి మేరకు నాలుగు లక్షలకే బీమా చేయించింది. పాడైనది మూడు లక్షల సరుకైనా, విలువలో మూడింట రెండు వంతులకే బీమా ఉంది కనుక నష్టంలోనూ అంతే లెక్కగట్టి, రెండు లక్షల నుంచి మిగతా కోతలు మొదలుపెట్టారు. 2021 ఏప్రిల్ 1 నుంచి, మొత్తం ఆస్తి విలువ 5 కోట్ల రూపాయల వరకు ఉన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీ వచ్చింది. అందులో 15 శాతం వరకు తక్కువ విలువ చూపినా ఈ కోత ఉండదు. క్లెయిము తిరస్కరించినా, మరీ తక్కువ ఇచ్చినా, చిన్న వ్యాపారులు హైదరాబాద్‌లోనే ఉన్న, బీమా తగాదాలు పరిష్కరించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు.

లాక్‌డౌన్ నష్టానికి ఈ దారి లేదు. దుకాణంలో వస్తువేదీ దెబ్బతినలేదు కనుక, పోయిన గిరాకీకి మామూలు పాలసీ ఏదీ డబ్బివ్వలేదు. మార్చి, ఏప్రిల్, మే ముహూర్తాల పత్రికల మీదే నా సంవత్సరం నడుస్తుంది. అవన్నీ ఆగిపోయి, అడ్వాన్సులు తిరిగి అడిగేవారు మొదలయ్యారు. రిజర్వు బ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు అప్పు వాయిదాలు కట్టకుండా ఆగే వీలు (మారటోరియం) ఇచ్చినప్పుడు నేను ఊపిరి పీల్చుకున్న మాట నిజమే గానీ, వడ్డీ మాత్రం ఆగలేదు. అదే ఏడాది మే నెలలో కేంద్రం హామీతో వచ్చిన అత్యవసర రుణం, ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం వరకు, తాకట్టు లేకుండా దొరికింది. నాకు పాత అప్పు ఉంది కనుక అది అందింది. మా పక్క దుకాణపు టైలరు ఏనాడూ బ్యాంకు గడప తొక్కలేదు, అందుకని ఆయనకు అందలేదు. అప్పు చేయనివాడికే సాయం లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వీధి మలుపులో మిర్చి బజ్జీల బండి నడిపే ఆమెకు వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన రుణ పథకం పీఎం స్వనిధి కింద మొదటి విడత 10,000 రూపాయల అప్పు వచ్చింది. అయితే దానికి కావలసిన సిఫారసు లేఖ కోసం ఆమె తరఫున తిరిగినది ఇంటర్ చదివే మా పక్కింటి అబ్బాయి. వరద తరువాత రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన 10,000 రూపాయలు బాధిత కుటుంబానికి ఇచ్చినవే గానీ దుకాణానికి కాదు.

ఇక మీ చందా సంగతి. సమానంగా పంచవద్దు. మంగలి దుకాణానికి కుర్చీ, అద్దం శుభ్రమైతే నాలుగో రోజుకు గిరాకీ వస్తుంది, కిరాణా దుకాణం అరలన్నీ ఖాళీ అయ్యాక నాలుగు నెలలైనా కోలుకోదు. ముందు గిరిగిరి అప్పు ఎవరికుందో గుట్టుగా కనుక్కోండి. రోజూ వచ్చి వసూలు చేసుకుపోయే ఆ అప్పు ఉన్నవారికి మీరు చేతిలో డబ్బు పెడితే అది సాయంత్రానికి వారి చేయి దాటిపోతుంది. అలాంటి చోట ఆ బాకీని సూటిగా తీర్చేయడమే మేలు. మిగిలిన చోట్ల డబ్బుగా కాక, మోటారు మరమ్మతుకో, కరెంటు పనికో, కొత్త సరుకుకో మీరే చెల్లించండి. తడిసిన మోటారును ఎలక్ట్రీషియను చూడకుండా ఎవరినీ ఆన్ చేయనివ్వకండి. మా కటింగ్ మిషను మోటారు వరదలో పోలేదు, నా తొందరలో పోయింది.

సరుకు ఇచ్చే టోకు వ్యాపారి దగ్గరికి దుకాణదారుతో పాటు మీలో పెద్దవారొకరు వెళ్లడం కూడా పనికొస్తుంది. ఛత్తా బజార్‌లో నాకు ఉద్దెర ఇచ్చే కాగితం వ్యాపారి, పాత బాకీని ఆరు నెలలు కదపకుండా ఉంచి కొత్త సరుకు నగదుకు ఇస్తానని ఒప్పుకోవడం వల్లనే నవంబరు ముహూర్తాల పని అందుకోగలిగాను. ఒంటరిగా వెళ్లినప్పుడు ఆయన ఆ మాట అనలేదు. మా మామగారు వెంట వచ్చిన రోజు అన్నాడు.

మీ ఐదు దుకాణాలలో బీమా ఉన్నవి ఏవో రేపు ఉదయమే అడిగి, వారి సరుకు ఇంకా లోపలే ఉంటే సర్వేయరు వచ్చిపోయే దాకా బయట వేయకుండా ఆపండి. చందా లెక్క ఆ తరువాత చూసుకోవచ్చు.