అడిగితే అమ్మకే కష్టమవుతుందేమోనన్న భయం

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. మూడేళ్ల నుంచి మతిమరుపు జబ్బు ఉంది. నిరుడు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినా మళ్లీ లేచి నడవలేకపోయింది. నేను ఖమ్మంలో ఉపాధ్యాయురాలిని, భర్త లేరు. అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. ఎనిమిది నెలల కిందట అమ్మను హైదరాబాద్ శివార్లలోని ఒక వృద్ధాశ్రమంలో చేర్చాము. డబ్బు అన్నయ్య పంపుతాడు. పోయిన ఆదివారం వెళ్లేసరికి అమ్మ మగతగా పడి ఉంది, పిలిస్తే కళ్లు తెరవలేదు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మణికట్టు దగ్గర కమిలిన మచ్చ ఉంది. బట్టలు మారుస్తుంటే నడుము కింద రూపాయి బిళ్లంత పుండు కనిపించింది. మేనేజరును అడిగితే "ఈ వయసులో ఇవన్నీ మామూలేనండీ" అన్నాడు. గట్టిగా అడిగితే నేను వెళ్లిపోయాక ఆ కోపం అమ్మ మీద చూపిస్తారేమోనని నోరు మూసుకుని వచ్చేశాను. గొడవ వద్దు, ఇంకో చోటు ఎక్కడ దొరుకుతుంది అంటాడు అన్నయ్య. కన్నతల్లిని ఆశ్రమంలో పడేసిందని బంధువులు ఇప్పటికే అంటున్నారు. అమ్మను ఇంటికి తెచ్చుకోవాలా, ఫిర్యాదు చేయాలా?
— ఒక కూతురు, ఖమ్మం

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ ముందు తేల్చవలసినది ఒకటుంది. అది అమ్మ నడుము కింది పుండు. మంచం పట్టినవారికి ఒకే వైపు ఎక్కువసేపు పడుకోవడం వల్ల ఎముక ఎత్తుగా ఉండేచోట, అంటే నడుము కింద, తుంటి మీద, మడమల మీద చర్మానికి రక్తం అందక ఇలాంటి పుండ్లు పడతాయి. మొదట చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. ఆ దశలోనే చూసి రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ, తడిసిన డైపరు వెంటనే మారుస్తూ, గాలి పరుపు వేస్తే చాలావరకు మానిపోతుంది. ఉపేక్షిస్తే లోపలికి తొలుచుకుంటూ ఎముకదాకా పోయి రక్తంలో విషం ఎక్కే ప్రమాదం ఉంది. వయసు వల్ల చర్మం పలచబడుతుందన్నది నిజమే, ఎంత బాగా చూసినా కొందరికి పుండు పడుతుందన్నదీ నిజమే. అయితే పుండు పడిన సంగతి మీరు బట్టలు మార్చేదాకా మీకు ఎవరూ చెప్పకపోవడం మామూలు సంగతి కాదు. ఆ తప్పు పూర్తిగా ఆశ్రమానిదే. అమ్మను వెంటనే ఆసుపత్రిలో సర్జనుకు చూపించండి. జ్వరం ఉన్నా, పుండు నల్లబడినా, చీము, దుర్వాసన ఉన్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు.

అంతే ముఖ్యమైనది ఆ మగత. పిలిస్తే కళ్లు తెరవకపోవడానికి మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం లేదా చక్కెర పడిపోవడం వంటి కారణాలు ఉండవచ్చు. రక్త, మూత్ర పరీక్షలతో ఇవి బయటపడతాయి. మందులూ కారణం కావచ్చు. మతిమరుపు ఉన్నవారు రాత్రుళ్లు కేకలు వేస్తే, మంచం దిగబోతే, వారిని నిద్రపుచ్చడానికి క్విటియాపిన్, రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ వంటి మాత్రలు ఇస్తుంటారు. మతిమరుపు ఉన్న వృద్ధులలో ఈ తరహా మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనూ, 2008లోనూ హెచ్చరికలు ఇచ్చింది. ఒక్కోసారి ఇవి నిజంగా అవసరమవుతాయి, కానీ ఆ అవసరం రోగి బాధను బట్టి ఉండాలే తప్ప రాత్రి డ్యూటీలో ఉన్నవారి వెసులుబాటును బట్టి కాదు. అమ్మకు ఇస్తున్న ప్రతి మాత్ర పేరు, మోతాదు, ఎప్పటినుంచి ఇస్తున్నారు, ఏ డాక్టరు రాశారు అన్నవి కాగితం మీద రాయించి తీసుకోండి. డాక్టరు చెప్పకుండా ఏ మందునూ మీకై మీరు ఆపించవద్దు.

గాజులు జారడం మీరు గమనించడం మంచిదైంది. చేర్చినప్పుడు అమ్మ బరువెంత, ఇప్పుడెంత అని అడగండి. నెలలో నూటికి 5 వంతులు గాని, ఆరు నెలల్లో 10 వంతులు గాని బరువు తగ్గితే డాక్టర్లు దాన్ని తీవ్రంగా తీసుకుంటారు. అంటే 50 కిలోల మనిషి ఆరు నెలల్లో 45 కిలోలకు వస్తే కారణం వెతకవలసిందే. కంచం ముందు పెట్టి పావుగంట తరవాత తీసేయడం అన్నం పెట్టడం కాదు. మింగడం మరిచిపోతున్న మనిషికి కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా, ఓపికగా తినిపించాలి. ఆ ఓపిక ఎవరికి ఉందో తెలియాలంటే మీరు భోజనం వేళకే వెళ్లాలి.

మణికట్టు మచ్చ గురించి నిందగా కాక ప్రశ్నగా అడగండి. రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్న తాకిడికే చర్మం కమిలిపోతుంది. చేతులు మంచానికి కట్టారా అన్న ప్రశ్న మాత్రం సూటిగా అడగవలసినదే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యశాలల్లో సైతం తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, మానసిక వైద్యుడి అనుమతితో, వివరాలు నమోదు చేసి కట్టవచ్చునంటోంది. అలాంటప్పుడు మానసిక వైద్యుడే లేని ఒక ఆశ్రమంలో రాత్రి ఆయా తనంత తాను చేతులు కట్టేయడం ఎంతమాత్రం ఒప్పుకోదగినది కాదు.

ఇక మీ భయం. అది ఉత్త అనుమానమని నేను అనను. అమ్మను వారి చేతుల్లో వదిలి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ భయం ఉంటుంది. కానీ నేను ఇన్నాళ్లుగా ఇలాంటి కుటుంబాలతో మాట్లాడి గ్రహించినదేమిటంటే, ఆశ్రమాల్లో ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది అడిగే బిడ్డలున్నవారు కాదు, అడగడానికి ఎవరూ రానివారు. మీరు నోరు మూసుకుని వచ్చేసినప్పుడు అమ్మకు రక్షణ పెరగలేదు. ఈమె తనవాళ్లెవరూ పట్టించుకోని మనిషి అన్న భావం వారికి కలిగే అవకాశం పెరిగింది. కాబట్టి అడగండి, అయితే అడిగే పద్ధతి ఒకటుంది. ఆయాను నలుగురిలో నిలదీయకండి. రాత్రిపూట పదిహేను మందిని ఒక్కర్తే చూసుకుంటూ, తక్కువ జీతానికి నడుము విరిగేలా పనిచేసే మనిషి ఆమె. ఆమె పేరు తెలుసుకుని, కుశలం అడిగి, కూర్చుని మాట్లాడితే అసలు సంగతి మీకు చెప్పేది కూడా ఆమే కావచ్చు. మేనేజరుతో మాట్లాడి వచ్చాక, మాట్లాడినదంతా మర్యాదగా వాట్సాప్‌లో పంపండి: "ఈ తేదీన అమ్మకు పుండు చూశాను, రెండు గంటలకోసారి తిప్పుతామని మీరు అన్నారు, తిప్పిన సమయాలు రాసిన పుస్తకం వచ్చినప్పుడు చూస్తాను" అని. పుండును తేదీ పడేలా ఫోటో తీసి దాచండి. ముందు చెప్పకుండా, ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి రాత్రి ఎనిమిది గంటలకు వెళ్లండి. హాలు, తోట, గోడమీది ఫోటోలు చూసి ఆశ్రమాన్ని అంచనా వేయడం కుదరదు. రాత్రి పూట ఎందరు మెలకువగా ఉన్నారో, పిలిస్తే ఎంతసేపటికి వచ్చారో చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి, వృద్ధాశ్రమం అంటే తిండి, నీడ దొరికే చోటు. మీ అమ్మగారికి కావలసింది ఈ రెంటి మధ్యది, దానికి మన భాషలో స్థిరపడిన పేరు కూడా లేదు. నడవగలిగేవారి కోసం మొదలైన ఆశ్రమాలు కొన్ని, నర్సులను పెంచకుండానే మంచం పట్టినవారిని కూడా చేర్చుకుంటున్నాయి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం బిడ్డల బాధ్యతను, జిల్లాకొక ఆశ్రమం ఉండాలన్న విషయాన్ని చెబుతుందే గాని, డబ్బు తీసుకునే ప్రైవేటు ఆశ్రమంలో మంచం పట్టినవారికి ఎందరు నర్సులుండాలో చెప్పదు. అందుకే ఆ ప్రశ్న మీరే అడగాలి.

సమాధానం రాకపోతే వయోవృద్ధుల సహాయవాణి 14567కు ఫోన్ చేయండి, జిల్లా సంక్షేమ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. డబ్బు కట్టి పొందుతున్న సేవ కాబట్టి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు. కొట్టారని తెలిస్తే మాత్రం ఇవేవీ కాదు, ముందు పోలీసులకు 112.

అన్నయ్యతో వాదించకండి, ఒక పని అప్పగించండి. ఇక్కడ రాత్రి తొమ్మిది గంటలైనప్పుడు అక్కడ పగలే. వారంలో నాలుగైదు రాత్రులు ఆయన వీడియోకాల్ చేసి అమ్మను చూపించమనవచ్చు. పరుపు తడిగా ఉందా, పక్కకు తిప్పారా అని అడిగే గొంతు ఒకటి రాత్రిపూట ఉండటం ఆయన పంపే డబ్బుకు తక్కువేమీ కాదు.

ఇంటికి తెచ్చుకోవాలా అన్నదానికి నా అభిప్రాయం, బంధువుల మాటకు సమాధానంగా మాత్రం తెచ్చుకోవద్దని. కదలలేని మనిషిని పగలూ రాత్రీ తిప్పడానికి ఇద్దరుండాలి. మీరు బడికి వెళ్లి వచ్చేసరికి అదే పుండు మీ ఇంట్లోనూ పడుతుంది, అప్పుడు మిమ్మల్ని మీరు క్షమించుకోలేరు. ఆసుపత్రిలో చేర్చవలసివస్తే, డిశ్చార్జి అయ్యే రోజు నిర్ణయానికి సరైన రోజు. అప్పటికి ఆశ్రమం వారు రికార్డులు చూపి, తప్పు ఒప్పుకుని, గాలి పరుపు, రాత్రి నర్సు ఏర్పాటు చేస్తే వెనక్కి పంపవచ్చు. మందుల చీటీ దాచినా, చెప్పకుండా వస్తే గేటు దగ్గర ఆపినా అక్కడికి తిరిగి పంపవద్దు. అమ్మ మాట్లాడలేకపోయినా, ఎవరు దగ్గరికి వస్తే చేయి వెనక్కి లాక్కుంటుందో, ఎవరు వస్తే ముఖం తేటపడుతుందో గమనించండి. ఈ నిర్ణయంలో అది ఆమె మాట.

వచ్చే ఆదివారం దాకా ఆగవద్దు. రేపు బడికి సెలవు పెట్టి బయలుదేరండి, ఆపరేషన్ కాగితాలు, పాత మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి. ఆసుపత్రిలో ముందు అడిగేవి అవే.