మలబద్ధకం వల్ల పిల్లలు నిక్కరు, పక్క తడుపుతారా?

అవునండీ తడపొచ్చు, ఎందుకంటే మలం నిలవుండే పేగు సరిగ్గా మూత్రసంచి వెనకాలే ఆనుకుని ఉంటుంది. అక్కడ గట్టిపడిన మలం పేరుకుంటే సంచిని ముందుకి నొక్కేస్తుంది, చోటు తగ్గిపోయి కాస్త మూత్రం చేరగానే అర్జంటుగా వచ్చేస్తుంది, పోసినా పూర్తిగా ఖాళీ అవదు, ఆ మిగిలినదాంట్లో ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు.

అమలాపురంలో ఓ ఆరేళ్ల పిల్లోడు బడిలో బాత్రూమ్ బాగోలేదని దొడ్డికి బిగబట్టుకుంటాడనుకోండి, మూడ్రోజులకోసారి మేక పెంటికల్లా ఉండలుండలుగా వెళ్తాడు, సాయంత్రం ఆటలో నిక్కరు తడిపేసుకుంటాడు. పొగరు కాదండీ అది, కొడితే ఇంకా బిగబడతాడు.

తడుపుతున్నాడని చాలామంది తాగే నీళ్లు తగ్గించేస్తారు, దాంతో మలం ఇంకా గట్టిపడుద్ది. రోజూ వెళ్తున్నాడుగా అనుకోడమూ పొరపాటే, కొంచెం కొంచెం వెళ్లినా లోపల మిగిలిపోవచ్చు.