భుజం విరిగిందా, దండచెయ్యి విరిగిందా?

సందేహం: మెడికల్ కోడింగ్ (జబ్బులకూ గాయాలకూ కోడ్‌లు వేసే పని) నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో పాఠాలు రాస్తున్నాను. మోచేతికి పైన ఉండే హ్యూమరస్ ఎముక పై కొస దగ్గర విరిగితే ‘భుజం విరిగింది’ అనవచ్చా? నాతోపాటు రాస్తున్నాయన ‘ఎగువ చేయి పగులు’ అనాలంటున్నారు. పై కొస కింద ఆ ఎముక సన్నబడే చోటు, అంటే సర్జికల్ నెక్‌కు ‘శస్త్రచికిత్స మెడ’ అని పెట్టారు. ఏది సరైనది?

సమాధానం: ముందు భుజం సంగతి చూద్దాం. సంస్కృతంలో భుజమంటే చెయ్యి. చతుర్భుజుడంటే నాలుగు చేతులవాడు, నాలుగు మూపులవాడు కాదు. అమరకోశం ‘భుజబాహూ ప్రవేష్టో దోః’ అని చేతికి పర్యాయపదాలు చెప్పి, మోచేతికి పై భాగం ప్రగండమనీ, కింది భాగం ప్రకోష్ఠమనీ విడదీసింది. మనం ఇవాళ భుజం అంటున్న చోటుకు అందులో ఉన్న పేర్లు స్కంధం, అంసం, భుజశిరస్సు. భుజశిరస్సంటే చేతికి తల. హ్యూమరస్ పై కొసన గుండ్రంగా ఉండే భాగాన్ని డాక్టర్లు ఇప్పటికీ ‘హెడ్’ అనే అంటారు. అమరసింహుడి మాట ఇంత దగ్గరగా వచ్చి కలవడం నాకెప్పుడూ సంతోషమే.

ఈ మాట పుట్టుక ఇంకా ముచ్చటైనది. తినడం అనే అర్థమున్న భుజ్ ధాతువుకు ఘఞ్ అనే ప్రత్యయం చేరితే గుణమూ (ఉ ఓ కావడం) కుత్వమూ (జ గ కావడం) వచ్చి ‘భోగ’ కావాలి. చెయ్యి అనే అర్థంలో మాత్రం ‘భుజ’ అనే నిలవాలని పాణిని ‘భుజన్యుబ్జౌ పాణ్యుపతాపయోః’ అని ప్రత్యేకంగా సూత్రం చేశాడు. దేనితో తింటామో అది భుజం అని వ్యాఖ్యాతలు చెప్పారు. కానీ ధాతుపాఠంలో మరో భుజ్ ఉంది. దాని అర్థం కౌటిల్యం, అంటే వంగడం. వంకరగా పోయేది భుజంగం. పాము చుట్ట భోగం, అది ఉన్నది భోగి. మోచేతి దగ్గర వంగే అవయవానికి ఈ రెండో ధాతువే సహజమని నాకనిపిస్తుంది. అయినా పాణినీయుల వ్యుత్పత్తిని తోసిపుచ్చే ధైర్యం చెయ్యను. త్రిభుజంలోని భుజం ఈ చెయ్యే.

తెలుగులోకి వచ్చాక ఈ మాట పైకెక్కింది. గుమ్మడికాయల దొంగ అంటే తడుముకునేది భుజాలనే. ఈ అర్థం తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. భాషలో స్థిరపడ్డ అర్థాన్ని మూలం చూపించి కొట్టెయ్యకూడదు.

చిక్కల్లా మీ పనిలో ఉంది. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కోడ్ పుస్తకం ఐసీడీ-10-సీఎంలో భుజానికీ దండచేతికీ కలిపి ఎస్42 అనే వర్గం ఒకటే. అందులో కాలర్ బోన్ ఎస్42.0, రెక్క ఎముక ఎస్42.1, హ్యూమరస్ పై కొస ఎస్42.2, దాని నడిమి భాగం ఎస్42.3. ‘భుజం విరిగింది’ అంటే మొదటి మూడింటిలో ఏదైనా కావచ్చు. రోగి అలా చెప్పుకుంటే ఇబ్బంది లేదు. పాఠంలో మాత్రం ఎముక పేరు, ఎక్కడ విరిగింది, కుడా ఎడమా అన్నవి రాయాలి. రికార్డులో లేనిదాన్ని కోడర్ ఊహించి రాయకూడదు కదా! రెండు విషయాల్లో మాత్రం నియమమే దారి చూపిస్తుంది: ఎముక తొలగిందో లేదో డాక్టరు రాయకపోతే తొలగినట్టు, గాయం బయటికి తెరుచుకుందో లేదో రాయకపోతే తెరుచుకోనట్టు తీసుకోవాలని వాళ్ల నియమం. వ్యాకరణంలో అధ్యాహారం (వాక్యంలో లేని మాటను తెచ్చుకోవడం) తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఇక ‘ఎగువ చేయి’. ఎగువా దిగువా నదికి ఉంటాయి. చేతికి దండచెయ్యి, రెట్ట, జబ్బ అని ఇన్ని మాటలుండగా ఇంగ్లిషు మాటను ముక్కలు చేసి అతికించడం ఎందుకు? దండకడియం పెట్టుకునే చోటు దండచెయ్యి. అయితే జబ్బ అంటే కొందరికి దండచెయ్యి, కొందరికి భుజం. కాబట్టి దాన్ని పాఠంలో వాడకపోవడమే మేలు. ‘పగులు’ గోడకు బాగుంటుంది. ఎముక విరుగుతుంది, లేదా చిట్లుతుంది. చిట్లినా కోడింగ్ లెక్కలో అది ఫ్రాక్చరే.

‘శస్త్రచికిత్స మెడ’ చదివి బాధపడ్డాను. ఎముక తరచుగా విరిగి సర్జన్ చేతికి వచ్చే చోటు కనుక ఆ పేరు వచ్చింది. ఆపరేషన్ చేసిన మెడ అని విద్యార్థి అనుకుంటే ఎవరిది తప్పు? సర్జికల్ నెక్ అనే ఉంచండి. డాక్టరు ఉత్త ‘నెక్’ అని రాసినా ఆ కోడ్ పుస్తకం దాన్ని ఎస్42.21 కిందికే చేరుస్తుంది. హెడ్‌ను ఆనుకుని ఉండే అనటామికల్ నెక్ అని స్పష్టంగా ఉంటే ఎస్42.29.

మీరు అడగలేదు కానీ ఒకటి చెప్పాలి. హ్యూమరస్ పై కొస ఫ్రాక్చర్లలో వచ్చే ‘త్రీ-పార్ట్’ను ‘మూడు ముక్కలైంది’ అని రాయకండి. 1970లో నీర్ అనే సర్జన్ చేసిన విభజనలో ఒక భాగం 1 సెంటీమీటరు కంటే ఎక్కువ జరిగితేనో, 45 డిగ్రీల కంటే ఎక్కువ వంగితేనో తప్ప దాన్ని విడి భాగంగా లెక్కపెట్టరు. ఎక్స్‌రేలో నాలుగు ముక్కలు కనిపించినా, ఏదీ అంత తొలగకపోతే అది ఒక్క భాగమే. అందుకే ‘మూడు భాగాల విరుపు’ అనడం మంచిది.

మొత్తానికి ‘హ్యూమరస్ పై కొస విరగడం’ అని నేనైతే రాస్తాను. ‘దండచెయ్యి ఎముక పై కొస’ ఇంకా అందమైనదే, కానీ అన్ని ప్రాంతాలవాళ్లకూ అర్థమవుతుందని గట్టిగా చెప్పలేను. కోడ్ చివర వచ్చే ఏడో అక్షరం దగ్గర మాత్రం తెలుగు వెతుక్కోనక్కర్లేదు. మామూలుగా అతుకుతోంది అంటే డి, ఆలస్యంగా అతుకుతోంది అంటే జి, అతకలేదు అంటే కె, వంకరగా అతికింది అంటే పి.