బ్యాటరీ బండి కొనే ముందు దాని చోటు చూడు: అల్లుడికి మావయ్య ఉత్తరం

అల్లుడూ,

మా అక్కకి, అదే మీ అమ్మకి, నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి కొంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. మోకాళ్లు పోయాక గుమ్మం దాటడమే మానేసిన మనిషి, మళ్లీ బజారుకెళ్లి కూరగాయలు తనే బేరమాడి తెచ్చుకుంటానంటోందంటే అంతకంటే ఏం కావాలి. కానీ నువ్వు ఫోన్లో అడిగినవన్నీ ఏ కంపెనీ, ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, ఎంతకి బేరమాడాలి, ఇవే. రాత్రిపూట ఆ బండి ఎక్కడ పడుకుంటుంది, దాని ప్లగ్గు ఏ గోడకి, ఆ కరెంటు ఎవరి మీటర్లోది అన్నది ఒక్కసారీ అడగలేదు. సొంత ఇల్లయితే నేనూ పెద్దగా పట్టించుకోను, వసారాలో పెట్టుకోమంటాను. మీది పన్నెండు కాపురాలున్న బిల్డింగ్. అక్కడ నీ బండి ఒక్క నీది కాదు.

ముందే చెప్పేస్తున్నా, మెట్ల కింద మాత్రం పెట్టొద్దు. గృహప్రవేశానికి బరంపురం వచ్చినప్పుడు ఆ చోటు నేను చూశాను. పన్నెండు మీటర్లూ గోడకి వరసగా ఉన్నాయి, కింద వాచ్‌మన్ పాత పరుపు, సగం వాడి వదిలేసిన పెయింటు డబ్బాలు, ఎవరిదో విరిగిన ఉయ్యాల చెక్క, పక్కన కొంచెం ఖాళీ. అందరూ నీకు ఆ ఖాళీయే చూపిస్తారు, ఎందుకంటే అక్కడయితే కారు పార్కింగ్‌కి అడ్డం రాదు, మీటర్ బోర్డు పక్కనే ఉంది కాబట్టి ప్లగ్గు తీసుకోవడం కూడా ఎలక్ట్రీషియన్‌కి ఐదు నిమిషాల పని. సరిగ్గా అందుకే వద్దంటున్నాను. ఎక్కడైనా నిప్పు పుడితే మంటకన్నా ముందు పొగ పైకెక్కుతుంది, మెట్ల గది పొగగొట్టంలా దాన్ని మూడో అంతస్తు దాకా లాగేస్తుంది. మీకు ఉన్నది ఒకటే మెట్ల దారి, లిఫ్ట్ అప్పుడు ఎలాగూ ఎక్కకూడదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఏమైంది, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంట తాలూకు పొగ పైనున్న లాడ్జి గదుల్లోకి పాకి 8 మందిని పొట్టన పెట్టుకుంది. అదే ఏడాది ఏప్రిల్లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు పోయారు, రెండు చోట్లా రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టి పడుకున్న స్కూటర్ బ్యాటరీలే. నిన్ను భయపెట్టాలని కాదు. అవి రోడ్డు మీద తిరిగే స్కూటర్లు, వాటివి లిథియం బ్యాటరీలు, అక్క బండిలో అదే ఉంటుందని లేదు. కానీ చోటు విషయంలో రెండింటికీ రూలు ఒకటే. కారిడార్, మెట్ల మలుపు, లిఫ్ట్ ముందు ఖాళీ, ఇవన్నీ మనుషులు బయటపడే దార్లు. అక్కడ చెప్పుల స్టాండు పెట్టినా తప్పే, మన వాళ్లు పెడతారనుకో, అది వేరే గొడవ.

మరి ఎక్కడ పెట్టాలి? పార్కింగ్‌లో బయటి గోడని ఆనుకుని, గాలి ఆడే మూల ఒకటి అడుగు. మెట్ల నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, జనరేటర్ డీజిల్ డబ్బాల నుంచి ఎడంగా ఉండాలి, పైన వాన జల్లు పడకూడదు. నాలుగు ఇనప కంబాలు పాతి గ్రిల్ వేయించి తాళం పెట్టుకుంటే ఇంకా మంచిది, గోడలు కట్టి మూసేయొద్దు, గాలి పోదు. ఆ మూల నుంచి లిఫ్ట్ దాకా అక్క వెళ్లే దారి టేపు పెట్టి కొలువు. మధ్యలో ఒక మెట్టు ఉన్నా బండి ఎక్కదు. ర్యాంపు వేయాలంటే ఒకటికి పన్నెండు లెక్క, అంటే అర అడుగు మెట్టుకి ఆరడుగుల ర్యాంపు. మేస్త్రీ రెండడుగులు చాలంటాడు, ఆటో ఎక్కించే వాలు వేసిపోతాడు, బండి వెనక్కి తిరగబడుతుంది. దగ్గరుండి చేయించు.

బండిని లిఫ్ట్‌లో పైకి తెచ్చి ఫ్లాట్‌లో పెట్టుకుందామని అమ్మాయి అంటోందట. లిఫ్ట్ బరువు మోస్తుందిలే, ఆరుగురు పట్టే లిఫ్ట్ అంటే 408 కిలోలు, ఆ పలక లోపలే ఉంటుంది చూడు. కానీ లోపల బండి తిరగాలి కదా. సరే తిరిగిందే అనుకో, ఫ్లాట్‌లో పెట్టేది హాల్లో వీధి గుమ్మం పక్కనే, ఇంకెక్కడ చోటుంది మీకు? రేపు ఏదైనా అయితే మీరు బయటికి రావలసిన ఒక్క గుమ్మం ముందే నిప్పు. లిథియం బ్యాటరీ అయితే అస్సలు ఒప్పుకోను.

ఇక బ్యాటరీ సంగతి. నేను రైల్వేలో కోచ్‌ల కింద 110 వోల్టుల బ్యాటరీలతో కాపురం చేసినవాణ్ని, ఈ ఒక్క విషయంలో షాపువాడి మాట కంటే నా మాట విను. ఈ బండ్లలో ఎక్కువగా 24 వోల్టులు ఉంటుంది. పాత రకంలో సీటు కింద పన్నెండేసి వోల్టుల సీసం బ్యాటరీలు రెండు ఉంటాయి, డిస్టిల్డ్ వాటర్ పోయక్కర్లేని సీల్డ్ రకం. బరువెక్కువ, నెమ్మదిగా ఛార్జ్ అవుతాయి, కానీ గొడవ తక్కువ. కొత్త రకంలో లిథియం, తేలిక, త్వరగా అవుతుంది, బాక్సు తీసి చేత్తో పట్టుకుపోవచ్చు. లిథియమే కావాలంటే ఐరన్ ఫాస్ఫేట్ రకం ఉందా అని అడుగు, వేడికి అది మిగతా లిథియం రకాల కంటే నెమ్మదస్తురాలు. నన్నడిగితే అక్క తిరిగే ఆ రెండు మూడు కిలోమీటర్లకి సీసం చాలు.

ఛార్జర్ బండితో వచ్చిందే వాడాలి. సీసం ఛార్జర్ మీదా 24 వోల్టులనే రాసి ఉంటుంది, లిథియం ఛార్జర్ మీదా అదే రాసి ఉంటుంది, పిన్ను కూడా చక్కగా దూరుతుంది. అక్కడే చాలామంది బోల్తా పడతారు. ఏ వోల్టేజీ దగ్గర ఛార్జింగ్ ఆపాలో రెండింటికీ వేరువేరు. ఛార్జర్ పాడైతే బజార్లో సగం రేటుకి దొరికేది తెచ్చి పెట్టొద్దు, పది రోజులు బండి ఆగిపోయినా సరే కంపెనీది తెప్పించు. అలాగే బ్యాటరీ రిపేరు చేస్తానని విప్పి సెల్స్ మార్చేవాళ్లు ఈ మధ్య ఊరికొకరు తయారయ్యారు, వాళ్ల దగ్గరికి వెళ్లకు.

సీసం బ్యాటరీ ఖాళీ నుంచి నిండడానికి ఎనిమిది పది గంటలు పడుతుంది. అందుకే అందరూ రాత్రి పెట్టి పొద్దున తీస్తారు, బండితో వచ్చే పుస్తకంలో కూడా రాత్రంతా పెట్టమనే ఉంటుంది. ఒకింట్లో మనిషి దగ్గరున్నప్పుడు అది సరే. కింద పార్కింగ్‌లో, పన్నెండు కుటుంబాలు పడుకున్నాక, చూసేవాడు లేనిచోట నేను ఒప్పుకోను. అక్క పొద్దున ఏడింటికి బజారుకెళ్లి తొమ్మిదికి వచ్చేస్తుంది. గంట సేపు చల్లారనిచ్చి పదింటికి పెడితే, రోజూ పూర్తిగా ఖాళీ అవదు కాబట్టి, దీపాలు పెట్టే వేళకి ఆకుపచ్చ లైటు వచ్చేస్తుంది. తీసేయడం, ప్లగ్గు స్విచ్ ఆపడం, అయిపోయింది. ఎండాకాలంలో మాత్రం రేకు కింద మధ్యాహ్నం పెట్టొద్దు, సాయంత్రం నాలుగు దాటాక పెట్టి పడుకునే లోపు తీసెయ్. ఛార్జర్ మీద గుడ్డ కప్పొద్దు, సీటు మీద పెట్టొద్దు, గట్టి నేల మీదో చెక్క అర మీదో పెట్టు, అది వేడెక్కుతుంది, ఆ వేడి పోవాలి. బండికి కవర్ కూడా ఛార్జింగ్ అప్పుడు తీసెయ్యాలి, సీసం బ్యాటరీ ఎక్కువగా ఛార్జ్ అయితే హైడ్రోజన్ గ్యాస్ వదులుతుంది, గాలి ఆడే చోట దానివల్ల ఏం కాదు, మూసిన చోటే ప్రమాదం. ఊరికి వెళ్లి నెల రోజులు బండి తీయకపోతే సీసం బ్యాటరీని నింపి ఉంచాలి, మధ్యలో ఒకసారి ఎవరిచేతైనా పెట్టించాలి, ఖాళీగా వదిలేస్తే చచ్చిపోతుంది. లిథియం దీనికి తలకిందులు, సగంలో ఉంచి వదిలేయాలి.

సాకెట్ గురించి కొంచెం ఓపిగ్గా చదువు, ఎందుకంటే నేను చూసిన గొడవల్లో బ్యాటరీ కంటే ప్లగ్గే ఎక్కువ. మీ ఫ్లాట్ మీటర్ నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పైపులో లాగించి, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే ఆగిపోయే స్విచ్), 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది) పెట్టించు, ఎర్తింగ్ ఉందో లేదో టెస్టు చేయించు, ఉందన్న మాట నమ్మకు. సాకెట్ నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో మూత ఉన్నది పెట్టించు. అక్క వంగక్కర్లేదు, నీళ్లొచ్చినా అందవు. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు, పైగా చుట్ట చుట్టి వాడితే ఆ చుట్టే వేడెక్కుతుంది. పెట్టిన అరగంటకి ప్లగ్గుని చేతి వెనక వైపుతో తాకి చూడమను అక్కని. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి తీసేయాలనిపించిందంటే సాకెట్ లోపల పట్టు వదులైనట్టు. నెలకోసారి ప్లగ్గు లాగి పిన్నులు చూడు, ఇత్తడి రంగు పోయి మొదలు దగ్గర గోధుమ రంగు తిరిగితే, సాకెట్ చిల్లు చుట్టూ తెల్ల ప్లాస్టిక్ పసుపు పచ్చగా మారితే, అదే రోజు మార్చు. రెండొందల రూపాయల సామాను కోసం బద్ధకించకు.

కామన్ మీటర్ నుంచి కరెంటు తీసుకోమని సెక్రటరీ మంచి మనసుతో చెప్పినా తీసుకోకు. లెక్క వేస్తే ఎంత, 24 వోల్టులు, 40 యాంపియర్ అవర్ల బ్యాటరీ అంటే దాదాపు ఒక యూనిట్, నష్టం కలిపినా ఒకటింపావు యూనిట్, పూర్తిగా ఖాళీ అయిన రోజున కూడా పది రూపాయల లోపే. కానీ ఆ పది రూపాయల మీద మూడో అంతస్తువాళ్లు మూడేళ్లు మాట్లాడతారు. సొంత మీటర్ అయితే నోరెత్తేవాడు ఉండడు. మూల ఇచ్చినట్టు అసోసియేషన్ దగ్గర ఒడియాలోనే ఒక కాగితం రాయించుకుని సంతకాలు తీసుకో, కమిటీ మారితే మాట మారుతుంది. మీ ఊరి ఠాకురాణి జాతర వస్తే మీ బిల్డింగ్‌లో ప్రతి ఇంటికీ చుట్టాలు దిగుతారు, ఆ నెల్లాళ్లూ పార్కింగ్ నిండా మోటార్ సైకిళ్లే, అక్క బండి చుట్టూ నాలుగు పెట్టేసి తాళాలు వేసుకుపోతారు. ఆ మూల చుట్టూ నేల మీద పసుపు గీత ముందే గీయించు.

ఇంకోటి చాలామందికి తెలియదు. బండి వెనక చిన్న లీవర్ ఉంటుంది, దాన్ని తిప్పితే చక్రాలు మోటార్ నుంచి విడిపోయి బండి చేత్తో తోసుకునేలా అవుతుంది, అప్పుడు బ్రేకు కూడా పని చేయదు. పార్కింగ్‌లో పెట్టేటప్పుడు అది డ్రైవ్‌లోనే ఉండాలి, తాళం చెవి ఇంట్లో ఉండాలి, పిల్లలు ఊరుకోరు. కానీ ఆ లీవర్ ఎక్కడుందో వాచ్‌మన్‌కీ పక్కింటి వాళ్లకీ చూపించు, అవసరమైతే పక్కకి తోసెయ్యడానికి.

తుపాన్ల సంగతి నీకు నేను చెప్పాలా, ఫైలిన్ చూశావు, తిత్లీ చూశావు. హెచ్చరిక రాగానే బండి ఛార్జ్ చేసుకుని, ప్లగ్గు పీకేసి, నీళ్లు రాని ఎత్తు మీదికి ఎక్కించెయ్. కరెంటు పోయి వచ్చినప్పుడు వోల్టేజీ ఎగిరెగిరి పడుతుంది, కాసేపు నిలకడ పడేదాకా పెట్టకు. ఖర్మ కాలి బండి నీళ్లలో మునిగితే, ఎండబెట్టాం కదా అని ఛార్జింగ్ పెట్టొద్దు. అందులోనూ లిథియం అయితే బిల్డింగ్‌కి దూరంగా ఆరుబయట పెట్టి కంపెనీవాళ్లకి ఫోన్ చెయ్, ఉప్పునీళ్లు తగిలినవి రోజులు గడిచాక కూడా అంటుకుంటాయి.

బ్యాటరీ ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా, బుస్సుమన్నా దగ్గరికెళ్లి చూడొద్దు. అందితే మెయిన్ ఆపడం, అందర్నీ బయటికి పిలవడం, 101కో 112కో ఫోన్, అంతే. లిథియం మంట మీద మంటలార్పే పొడి సిలిండర్ కొట్టినా ఆరినట్టే ఆరి మళ్లీ లేస్తుంది, ఆ పొగ విషం, హీరో వేషాలు వద్దు. అక్క ఉండేది రెండో అంతస్తు, మెట్లు తను దిగలేదు. ఆ సమయానికి నువ్వు ఆఫీసులో ఉంటే తనని ఎవరు దింపుతారో ఇప్పుడే ఎదురింటివాళ్లతో మాట్లాడి పెట్టుకో. మెట్ల నిండా పొగ ఉంటే మాత్రం తలుపు తీయకుండా సందుల్లో తడిగుడ్డ కూరి, బాల్కనీలోకి వెళ్లి కేకెయ్యమని అక్కకి చెప్పు. చెప్పడమే కాదు, ఒకసారి చేసి చూపించు.

పాత బ్యాటరీ కొత్తది కొన్నప్పుడు షాపులోనే ఇచ్చెయ్, మూల పెట్టి ఉంచకు.

వైరింగ్ బండి రాకముందే అయిపోవాలి, వచ్చాక అక్క ఒక్క పూట కూడా ఆగదు, ఎక్కడో ఒకచోట గుచ్చేస్తుంది. పని అయ్యాక సాకెట్ ఫోటో, ఎంసీబీ బాక్సు మూత తీసిన ఫోటో, ఛార్జర్ వెనక అంటించిన చీటీ ఫోటో, మూడూ నాకు వాట్సాప్ చెయ్. ఎలక్ట్రీషియన్ ఇంకా అక్కడ ఉండగానే పంపు, తేడా ఉంటే అప్పుడే చెప్తాను.

మీ మావయ్య,
రాయగడ