మైసూరు వెళ్తున్న చిన్నికి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆఫీసుకి నెల రోజులు సెలవు పెట్టి అష్టాంగ విన్యాస, అదే ఊపిరికో కదలికగా ఆగకుండా సాగే వేగమైన యోగా, నేర్చుకోవడానికి మైసూరు వెళ్తున్నావట. ఇక్కడి హఠయోగ క్లాసు మరీ నిదానం, విసుగొస్తోంది అన్నావట. మన ఇంట్లో ఒకపిల్ల దీనికోసం ఊరు దాటి వెళ్తోందని గర్వంగానే అనిపించింది. పక్కమీదకి చేరాక నీ ఎడమ భుజం గుర్తొచ్చింది. ఇంక నిద్ర లేదు.

తెలిసినవే అయినా చెప్పేస్తాను. ఖాళీ కడుపుతో చెయ్యి. మ్యాట్ జారనిది కొనుక్కో. అమావాస్యకీ పౌర్ణమికీ అక్కడ సెలవిస్తారు, ఆ రోజు గదిలో దొంగచాటుగా చెయ్యకు.

వేగమా, నిదానమా అంటావా? రెండూ ఒక గురువు చేతికింద పెరిగినవే. మైసూరులో కృష్ణమాచార్య గారి శిష్యుల్లో పట్టాభి జోయిస్ గారు ఒకరు, బి.కె.ఎస్. అయ్యంగార్ గారు ఇంకొకరు. జోయిస్ గారు అక్కడే ఉండి ఒక్కో కదలికనీ ఒక్కో ఊపిరితో ముడివేసి నేర్పారు, నువ్వు నేర్చుకోబోయే అష్టాంగ అదే. అయ్యంగార్ గారు పుణె వెళ్లి, బెల్టులూ చెక్క దిమ్మలూ ఆసరా ఇచ్చి ఒకే ఆసనంలో నిమిషాల తరబడి నిలబెట్టారు. ఇందులో ఏది అసలు యోగా అని ఎవరైనా వాదిస్తే నువ్వు మంచినీళ్లకి లేచిపో.

నా సంగతి మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. 1998లో మా నాన్న పోయారు. కళ్లు మూసుకుని కూర్చుంటే చాలు, ఆస్పత్రి మంచమే కనిపించేది. అందుకని ఊళ్లో బాగా స్పీడుగా చేయించే క్లాసులో చేరాను. గంటసేపు చెమటలే తప్ప ఆలోచన ఉండేది కాదు. అదే నచ్చింది. మూడో నెలలో ఓ పొద్దున, కాళ్లు చాపి కూర్చుని ముందుకి వంగే పశ్చిమోత్తానాసనంలో ఉండగా కుడి పిర్ర ఎముక దగ్గర కలుక్కుమంది. పక్కన కాలేజీ పిల్ల గడ్డం మోకాళ్లు దాటించేసింది. నాకేమో ముప్పయ్యారేళ్లు, పౌరుషం. నోరు మెదపలేదు. మాస్టారు వెనకనుంచి వీపు మీద బరువేసి నొక్కితే, పళ్లు బిగబట్టి నవ్వాను కూడా. ఆ వేగంలో నొప్పి మాట పూర్తయ్యేలోపు తర్వాతి ఆసనం వచ్చేస్తుంది చిన్నీ. ఇంటికొచ్చి బామ్ రాసుకోవడం, మర్నాడు ఇంకాస్త సాగదియ్యడం. నరం పట్టేసింది, సాగదీస్తే పోతుందనుకున్నాను. తొడ వెనక కండరం ఎముకకి అతుక్కునే చోటు దెబ్బతిందని, సాగదీసిన కొద్దీ మానదని డాక్టరు చెప్పేటప్పటికి బస్సులో సీటు దొరికినా కూర్చోలేని స్థితి. పదకొండు నెలలు! మీ అమ్మ తిట్టుకుంటూ నన్ను చూసుకుంది.

ఆ తర్వాత మోకాళ్లు మడిచి, పాదానికి బెల్టు వేసుకుని, మెల్లగా మొదలుపెట్టాను. మొదటిరోజే, ఏ నొప్పీ లేకుండా, భోరున ఏడ్చాను. ఏడాదిగా తప్పించుకు తిరిగిన మా నాన్న అక్కడ దొరికారు.

నువ్వూ నా బాపతే. తొమ్మిదో ఏట జామచెట్టు మీంచి పడి భుజం తప్పితే, రాత్రి గౌను విప్పేదాకా ఎవరికీ చెప్పలేదు. కుడిచేత్తో అన్నం తిని ఊరుకున్నావు. మొండిఘటం! అక్కడ చతురంగ దండాసనం, అదే బస్కీల్లా మోచేతులు మడిచి ఒంటిని నేలకి దగ్గరగా దించి నిలిపేది, రోజూ పదులసార్లు వస్తుంది. మోకాళ్లు నేలకి ఆనించి చెయ్యి, భుజాన్ని మోచేతికంటే కిందకి దిగనివ్వకు. మొదటిరోజే టీచరుకి చెప్పు. మైసూరు పద్ధతిలో అందరికీ కలిపి లెక్కపెట్టరు, ఎవరి ఊపిరి వాళ్లది, ముందు ఆసనం కుదిరాకే తర్వాతది. నీకు నిదానం కావాలంటే అక్కడా ఉంది, అడగాలంతే.

మార్చిలో ఆ సంబంధం చెడినప్పటినుంచి నువ్వు ఊరికే కూర్చోగా చూడలేదని మీ అమ్మ అంది. నేనేమీ అడగను. చివర్లో శవాసనం మాత్రం ఎగ్గొట్టకు తల్లీ, పది నిమిషాలు పడుకో. ఏడుపొస్తే రానీ.

నా పాత బెల్టు కొరియర్‌లో పంపాను. రంగు పోయింది గానీ బకిల్ గట్టిదే. ఆదివారం ఫోన్ చెయ్యి. ముందు భుజం సంగతి చెప్పి, ఆ తర్వాత 'బాగున్నా పెద్దమ్మా' అను.

నీ పెద్దమ్మ